రూం చేతులు మారితే ఏమవుతుంది: 1882 నుంచి మన సీనియర్ల రూం దాకా

పోస్ట్ పొడుగ్గా ఉంటది, తీరిక చూసుకొని చదవండి.

జూన్, జూలై వచ్చిందంటే మన గ్రూపుల నిండా రూం మెసేజీలే. "అశోక్‌నగర్ రూంలో ఒకరికి చోటుంది, మనోళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి" అని ఒకరు పెడతారు. "అన్నకి పోస్టింగ్ వచ్చింది, రూం ఖాళీ చెయ్యట్లేదు, తమ్ముళ్ళు వచ్చి ఉండండి, ఓనర్‌తో మాట్లాడక్కర్లేదు" అని ఇంకొకరు. వైజాగ్ ఎంవీపీ కాలనీ అయినా, హన్మకొండ నయీంనగర్ అయినా ఇదే భాష. చదివేటప్పుడు రెండు మెసేజీలూ ఒకేలా కనిపిస్తాయి. చట్టం లెక్కలో మాత్రం మొదటిది రూమ్మేట్ మారడం, రెండోది సబ్‌లెట్. మొదటి దానికి మామూలుగా ఇల్లు పోదు. రెండో దానికి పోతుంది. ఈ తేడా ఎప్పుడు పుట్టింది, ఎవరి కోసం పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది అన్నది తెలిస్తే రేపు ఓనర్ గుమ్మం ముందు నిలబడినప్పుడు ఏం మాట్లాడాలో తెలుస్తుంది.

ముందు మన సంగతి. టూలెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తే మొదటి ప్రశ్న ఏం చదువుతున్నారు, రెండోది ఏ ఊరు, మూడోది "మీరేమిట్లు?" మూడో దానికి జవాబు చెప్పాక "మా చుట్టాలు వస్తామన్నారు బాబూ, ఇల్లు ఇవ్వట్లేదు" అనే మాట మనలో చాలామంది విన్నదే. బోర్డు మాత్రం ఆ తర్వాత నెల కూడా అక్కడే వేలాడుతుంది. అందుకే ఒక్క రూం దొరికితే దాన్ని వదలం. మనుషులు మారుతుంటారు, గ్యాస్ పొయ్యీ చాపలూ పాత పుస్తకాలూ అక్కడే ఉంటాయి. మొదట అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన అన్న ఇప్పుడు ఏ ఏజెన్సీ మండలంలోనో ఉద్యోగం చేసుకుంటుంటాడు. రూంలో ఉన్న నలుగురిలో ఓనర్ మొహం చూసినవాడు ఒక్కడే ఉంటాడు, ఒక్కోసారి ఆ ఒక్కడూ ఉండడు. మనం దీన్ని "సీనియర్ల రూం" అంటాం. మనకది సాయం. కోర్టు భాషలో దానికి వేరే పేరుంది.

పట్నం వచ్చిన పిల్లలకి గది దొరకకపోవడం కొత్త కథేం కాదు. హైదరాబాద్‌లో పలుకుబడి ఉన్న కులాలు ఈ చిక్కుని వందేళ్ళ కిందటే హాస్టళ్ళు కట్టి దాటాయి. రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. మన దగ్గర ఆదిలాబాద్ గోండు పల్లెల్లో బడి చెప్పే టీచర్లని తయారుచేసే కేంద్రం మార్లవాయిలో పెట్టిందే 1943లో, హైమెండార్ఫ్ పూనుకుంటే. అక్కడ అక్షరాలు మొదలయ్యేసరికి వేరేవాళ్ళ పిల్లలకి పట్నంలో సొంత హాస్టల్ ఉండి పాతికేళ్ళయింది. ఆ పాతికేళ్ళ తేడా ఈ రోజు అద్దె రూముల దగ్గర కూడా కనపడుతుందని మా అభిప్రాయం.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. బ్రిటిష్ వాళ్ళు 1882లో ఆస్తి బదిలీ చట్టం తెచ్చారు. ఇల్లు, భూమి అద్దెకిచ్చుకోవడానికి ఈ రోజుకీ పునాది అదే. అందులో 108వ సెక్షన్ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒప్పందంలో వద్దని రాసుకోకపోతే కిరాయిదారు తన హక్కుని మొత్తంగా గానీ కొంతగా గానీ ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు, సబ్‌లెట్ కూడా చేసుకోవచ్చు. అంటే మొదట్లో సబ్‌లెట్ తప్పు కాదు, అది కిరాయిదారుకున్న మామూలు హక్కు. అప్పటి ఆలోచనలో లీజు కూడా ఒక ఆస్తే, చేతిలో ఉన్న ఆస్తిని పంచుకోవచ్చు. కానీ ఆ వాక్యానికి ఒక తోక ఉంది, మన సీనియర్లు అది చదవాలి: హక్కు ఇంకొకరికి ఇచ్చేసినంత మాత్రాన మొదటి కిరాయిదారు బాధ్యత పోదు. తమ్ముడు అద్దె ఎగ్గొడితే, గోడలు పాడుచేస్తే, ఓనర్ అడిగేది ఏజెన్సీలో ఉద్యోగం చేసుకుంటున్న అన్ననే.

అదే 1882లో ఇంకో చట్టం వచ్చింది, ఈజ్‌మెంట్ల చట్టం. మద్రాసు రాజధానికి అది మొదటినుంచీ వర్తించింది. అందులో లైసెన్స్ అనే మాట ఉంది. లైసెన్స్ అంటే ఇంకొకరి స్థలంలో ఉండడానికో వాడుకోవడానికో ఇచ్చిన అనుమతి మాత్రమే, స్థలం మీద హక్కు కాదు. పీజీలో మంచం, ప్రైవేట్ హాస్టల్లో బెడ్ చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. 56వ సెక్షన్ ప్రకారం లైసెన్స్‌ని వేరేవాళ్ళకి ఇవ్వడం కుదరదు, ఒక్క వినోద ప్రదర్శనకి వెళ్ళే అనుమతి తప్ప. అంటే మన సినిమా టికెట్ ఫ్రెండ్‌కి ఇవ్వొచ్చు, మన హాస్టల్ బెడ్ ఇవ్వలేం. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, "నేను రెండు నెలలు ఊరెళ్తున్నా, నా బెడ్‌లో మా తమ్ముడు ఉంటాడు" అని చెప్పినప్పుడు హాస్టల్ వాళ్ళు కాదంటే మనకి ఎదురు మాట లేకపోవడానికి మూలం అక్కడుంది. ఇంకో సంగతి కూడా అదే చట్టంలో ఉంది: డబ్బు తీసుకుని, మన తప్పు లేకుండా గడువు కంటే ముందే పంపించేస్తే పరిహారం అడగొచ్చు, 64వ సెక్షన్.

మరి 1882లో హక్కుగా ఉన్న సబ్‌లెట్ నేరం లాంటిదిగా ఎప్పుడు మారింది? యుద్ధాలు మార్చాయి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బొంబాయిలో ఇళ్ళు దొరక్క అద్దెలు విపరీతంగా పెరిగితే 1918లో అక్కడ అద్దె నియంత్రణ చట్టం తెచ్చారు. బొంబాయి అంటే మనకి దూరం అనుకోకండి. కామాఠీపురా అన్న పేరే నిజాం ఇలాకా నుంచి కూలికి పోయిన కామాఠీల వల్ల వచ్చింది. తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు మిల్లుల్లో పనికి పోయి అక్కడి చాల్‌లలో ఒకే గదిలో ఊరివాళ్ళంతా కలిసి ఉన్నారు. పగటి షిఫ్ట్ వాడు లేచి పోతే రాత్రి షిఫ్ట్ వాడు అదే చోట పడుకునేవాడు. గది ఒకరి పేరు మీద, బతుకు పదిమందిది. ఊరి నుంచి కొత్తగా దిగిన కుర్రాడికి మొదటి చోటు ఆ గదే. మన సీనియర్ల రూముకి ముత్తాత అక్కడున్నాడు.

రెండో యుద్ధంలో ఆ కరువు మన వైపుకీ వచ్చింది. మద్రాసులో 1941లో యుద్ధకాలపు నిబంధనల కింద అద్దె నియంత్రణ ఉత్తర్వు, తర్వాత 1946లో, మళ్ళీ 1949లో చట్టాలు. నిజాం రాజ్యంలో 1353 ఫసలీలో, అంటే 1943–44లో, ఒక ఉత్తర్వు. ఆ పైన 1954లో హైదరాబాద్ ఇళ్ళ అద్దె చట్టం. రాష్ట్రాలు కలిశాక ఈ రెండు దారుల్నీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం చేశారు. ఈ చట్టాలు కిరాయిదారుకి ఒక పెద్ద మేలు చేశాయి: ఓనర్ ఇష్టమొచ్చినట్టు అద్దె పెంచలేడు, కారణం లేకుండా ఖాళీ చేయించలేడు. కానీ అద్దె గడ్డకట్టిన చోట ఒక వ్యాపారం మొలిచింది. ఓనర్‌కి తక్కువ అద్దె కట్టే పాత కిరాయిదారు, అదే ఇంటిని మూడు ముక్కలు చేసి ఎక్కువ అద్దెకి ఇచ్చుకోవడం మొదలుపెట్టాడు. బొంబాయిలో దానికి పగ్డీ అనే పేరే పడింది. తాళం చేతికివ్వడానికి చేతికింద డబ్బు.

దీన్ని ఆపడానికి పెట్టిందే సబ్‌లెట్ నిషేధం. 1960 చట్టం 10వ సెక్షన్‌లో ఉంటుంది. ఆ వాక్యం చదివితే చరిత్ర కళ్ళకి కడుతుంది: ఆంధ్ర ప్రాంతంలో 1945 అక్టోబర్ 23 తర్వాత, తెలంగాణ ప్రాంతంలో 1353 ఫసలీ ఉత్తర్వు వచ్చిన తర్వాత, ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా కిరాయిదారు తన హక్కుని బదిలీ చేసినా, ఇల్లు మొత్తంగానో కొంతగానో సబ్‌లెట్ చేసినా, లీజులో అలాంటి హక్కు రాసి లేకపోతే, ఖాళీ చేయించొచ్చు. ఒకే వాక్యంలో రెండు క్యాలెండర్లు, రెండు రాజ్యాలు. 1882లో "వద్దని రాసుకోకపోతే చేసుకోవచ్చు" అన్నది ఇక్కడికొచ్చేసరికి "ఒప్పుకున్నట్టు రాసి ఉంటేనే చేసుకోవచ్చు" అయింది. పూర్తిగా తిరగబడింది.

గమనించండి, ఈ నిషేధం పగ్డీ వ్యాపారి కోసం పెట్టింది. నెలకి తన వాటా తాను కట్టుకునే నలుగురు స్టూడెంట్ల కోసం కాదు. కానీ చట్టం వలలో పెద్ద చేపా చిన్న చేపా రెండూ పడతాయి.

అయితే కోర్టులు ఆ వలకి కొంత కన్నం ఉంచాయి. 1959లో సుప్రీంకోర్టు ముందుకి ఢిల్లీ ఇంపీరియల్ హోటల్ కేసు వచ్చింది. హోటల్లో రెండు గదులు తీసుకుని క్షౌరశాల నడిపిన కపూర్‌ది లీజా, లైసెన్సా అన్నది ప్రశ్న. కాగితం మీద లైసెన్స్ అనే రాసుంది. ఆ తీర్పులో కోకా సుబ్బారావు, మన రాజమండ్రి మనిషి, తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయినాయన, కాగితం మీద ఏ పేరు పెట్టారన్నది కాదు, అసలు స్వాధీనం ఎవరిదో చూడాలన్నాడు. కపూర్‌ది లీజే అని తేలింది. అప్పటినుంచి అద్దె గొడవల్లో మొదటి ప్రశ్న ఇదే: గది ఎవరి అదుపులో ఉంది?

1988లో జగన్నాథ్ వర్సెస్ చందర్ భాన్ కేసులో అదే దారి ఇంకా స్పష్టమైంది. తండ్రి పేరు మీద అద్దె, కొడుకులు అక్కడ వ్యాపారం చేస్తున్నారు. ఓనర్ అది చేతులు మారినట్టే అన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. వేరేవాళ్ళు వాడుకుంటున్నంత మాత్రాన చేతులు మారినట్టు కాదు, చట్టబద్ధమైన స్వాధీనం కిరాయిదారు దగ్గరే ఉన్నంత వరకు సబ్‌లెట్ కాదంది. ఇంకో వైపు 1998లో భారత్ సేల్స్ కేసులో అదే సుప్రీంకోర్టు ఓనర్ల ఇబ్బందినీ గుర్తించింది. సబ్‌లెట్ ఎప్పుడూ ఓనర్ వెనకాలే జరుగుతుంది, డబ్బు చేతులు మారడం ఎవరూ చూడరు, కాబట్టి బయటి మనిషి ఒక్కడే పూర్తిగా ఆక్రమించుకొని కనపడితే సబ్‌లెట్ అని ఊహించుకోవచ్చంది.

ఈ రెండు తీర్పుల్నీ మన రూం పక్కన పెట్టి చూడండి. అగ్రిమెంట్ పేరున్న అక్క ఇంకా అదే రూంలో ఉంటూ, ముగ్గురు చెల్లెళ్ళు వచ్చి వాటా కట్టుకుంటూ ఉంటే, వాళ్ళలో ఒకరు పోయి ఇంకొకరు వస్తే, గది అదుపు అక్క దగ్గరే ఉంది. అది సబ్‌లెట్ అని నిరూపించడం కష్టం. ఓనర్‌కి నచ్చకపోవచ్చు, అగ్రిమెంట్‌లో ఇంతమందే ఉండాలని రాసుంటే ఆ మాట దాటినట్టు కావొచ్చు. అది వేరే గొడవ. కానీ అక్క సామాను సర్దుకొని శాశ్వతంగా వెళ్ళిపోయి, తాళం చెల్లెళ్ళ చేతిలో పెట్టిన రోజున కథ మారిపోతుంది. ఇప్పుడు లోపలున్నవాళ్ళెవరికీ ఓనర్‌తో ఒప్పందం లేదు. పేరున్న మనిషి లోపల లేదు. కోర్టు ఊహించుకోవడానికి కావల్సినవన్నీ అక్కడే ఉన్నాయి. మనం జాగ్రత్త పడాల్సిన రోజు కొత్తవాళ్ళు వచ్చిన రోజు కాదు, పేరున్నవాళ్ళు వెళ్ళిపోయే రోజు. మనం మాత్రం సరిగ్గా ఆ రోజునే పార్టీ చేసుకుని బస్సెక్కిస్తాం.

ఇక్కడ మన సొంత చరిత్ర గుర్తు చేసుకోవాలి. ఎందుకంటే లీజు, పేరు, అనుభవం అనే మాటలు మనకి పట్నంలో కొత్తగా తగిలినవి కావు.

రంప ప్రాంతంలో 1879లో మొదలైన తిరుగుబాటు దగ్గర్నుంచి ఏజెన్సీ భూముల గొడవ సర్కారుని వెంటాడింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూబదిలీ చట్టం తెచ్చింది. కొండజాతి మనిషి తన భూమిని కొండజాతి కానివాళ్ళకి ఏజెంటు ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఇస్తే అది చెల్లదు. నిజాం వైపు 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక గానీ సర్కారు కళ్ళు తెరవలేదు. హైమెండార్ఫ్ నివేదికలు, ఆపైన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్లు ఆ తర్వాతే. 1959లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది, 1963లో తెలంగాణకీ విస్తరించారు, 1970లో సవరించారు. మనం 1/70 అని పిలుచుకునేది ఆ సవరణనే. అందులో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, దానం, మార్పిడితో పాటు లీజు కూడా బదిలీయే. 1997 జూలై 11న సమతా తీర్పులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల లీజులు గిరిజనేతరులకి ఇవ్వడం చెల్లదని చెప్పింది కూడా ఈ మాట మీద నిలబడే.

ఇంత చట్టం ఉన్నా భూములు ఎలా పోయాయో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. బినామీ. పట్టా మన తాత పేరు మీద, దున్నేది షావుకారు. ఏజెన్సీ టౌన్లలో కొట్టు కాగితం మనవాడి పేరు మీద, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వేరేవాడు. పేరు మనది, అనుభవం వాళ్ళది. అందుకే మన పెద్దవాళ్ళకి సంతకం అంటే భయం, "కాగితం మీద వేలు పెట్టకు" అనే మాట చిన్నప్పటినుంచి విని పెరిగాం. ఆ భయం ఊళ్ళో మనల్ని కొంత కాపాడింది.

పట్నం రూంలో లెక్క తిరగబడింది. ఇక్కడ అనుభవం మనది, పేరు ఇంకొకరిది. ఊళ్ళో బినామీ అయితే పేరున్నవాడి వైపు చట్టం నిలబడింది, 1/70 ప్రకారం గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏజెన్సీ భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని వాడే నిరూపించుకోవాలి. పట్నంలో అలాంటి ఊహ మన వైపు లేదు. పేరు లేని నలుగురం ఏళ్ళ తరబడి అద్దె కట్టినా "మీరెవరు?" అని ఓనర్ అడిగితే చూపించడానికేం ఉండదు. ఊళ్ళో నేర్చుకున్న కాగితం భయాన్ని ఇక్కడికి మోసుకొచ్చి అగ్రిమెంట్ వద్దులే అనుకోవడం మనకే నష్టం.

మాకు తెలిసిన ఒక రూంలో ఇలాగే జరిగింది. నలుగురు మారి ఎనిమిదిమంది అయ్యారు. అగ్రిమెంట్ పేరున్న అన్న ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఓనర్ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టుకోవాలనుకున్నాడు, ఖాళీ చేయమన్నాడు. అంతవరకు సరే. అడ్వాన్స్ అడిగితే "నేను మీ దగ్గర తీసుకోలేదు, తీసుకున్నవాడికి ఇస్తా" అన్నాడు. చట్టం లెక్కలో ఆయన మాటలో తప్పు లేదు. అన్నకి ఫోన్ చేస్తే, ఆయన వెళ్ళేటప్పుడు తన వాటా తర్వాత వచ్చినవాడి దగ్గర తీసేసుకున్నాడు, ఆ వచ్చినవాడు ఇంకొకడి దగ్గర తీసుకున్నాడు. ఎవరూ మోసం చెయ్యలేదు. ఎక్కడా రాసుకోలేదు, అంతే. చివరికి అన్న సెలవు పెట్టుకుని వచ్చి సంతకం చేసి డబ్బు తీసిచ్చాడు కాబట్టి సరిపోయింది. ఆయన నంబర్ మారిపోయి ఉంటే?

మళ్ళీ చట్టానికి. 1960 చట్టం రక్షణ మన రూములకి ఇప్పుడు వర్తిస్తుందా అంటే చాలావాటికి వర్తించదు. కొత్త భవనాలకి మినహాయింపు విషయంలో 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక నిబంధనని కొట్టేసింది, 1957 ఆగస్టు 26 తర్వాత కట్టినవన్నీ శాశ్వతంగా బయట ఉంచడం సమానత్వానికి విరుద్ధమని. ప్రభుత్వం మళ్ళీ వేరే రూపంలో మినహాయింపు తెచ్చింది. 2005 సవరణతో, కట్టి పదిహేనేళ్ళు కాని భవనాలు, కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకి 3500, మిగతా చోట్ల 2000 రూపాయలు దాటిన అద్దెలు చట్టం బయటికి పోయాయి. హైదరాబాద్‌లో నలుగురు ఉండే పోర్షన్ 3500కి ఎక్కడ దొరుకుతుంది?

అంటే మనలో ఎక్కువమంది తిరిగి 1882 చట్టం కిందికే పోయాం. దాంతో 108వ సెక్షన్ కూడా తిరిగొచ్చింది, వద్దని రాసి లేకపోతే సబ్‌లెట్ కుదురుతుంది. సంతోషపడేలోపు అగ్రిమెంట్ తీసి చూడండి. జిరాక్స్ షాపులో దొరికే ఫార్మాట్‌లో "కిరాయిదారు ఇతరులకు సబ్‌లెట్ చేయరాదు" అనే లైన్ దాదాపు ఎప్పుడూ అచ్చయ్యే ఉంటుంది. మనం చదవకుండా సంతకం పెడతాం. పైగా ఈ చట్టం కింద నెలవారీ కిరాయి ఇంటిని 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల రాతపూర్వక నోటీసుతో ఖాళీ చేయమనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. అగ్రిమెంట్ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి. ఓనర్ల భయానికి ఇంకో మూలం కూడా ఉంది: బొంబాయిలో 1973 ఫిబ్రవరి 1 నాటికి లైసెన్స్ మీద ఉంటున్నవాళ్ళని చట్టం ఒక్క దెబ్బతో కిరాయిదార్లని చేసేసింది. అలాంటి కథలు విన్న ఓనర్ ఎవర్నీ ఎక్కువ కాలం ఉంచడు.

2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం తయారుచేసింది. అందులో ఇంటికి అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదు, సబ్‌లెట్ చేయాలంటే ఓనర్‌తో అదనపు ఒప్పందం రాసుకోవాలి. పేరులోనే ఉంది, నమూనా. రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అమలు. కాబట్టి దాన్ని ఓనర్‌కి చూపించి బెదిరించకండి, మాట్లాడుకోవడానికి ఆధారంగా వాడుకోండి.

మరి చేతులు మారేటప్పుడు ఏం చేయాలి? మేము మా రూముల్లో పెట్టుకున్న పద్ధతి చెబుతాం. అగ్రిమెంట్ రాసే రోజే ఉండేవాళ్ళందరి పేర్లూ కిరాయిదార్లుగా పెట్టించాలి, ఒక్కరి పేరు చాలని ఓనర్ అన్నా సరే మెల్లగా ఒప్పించాలి. నలుగురి పేర్లుంటే ఒకరు పోయినా మిగతా ముగ్గురి దగ్గర స్వాధీనం నిలిచి ఉంటుంది, చేతులు మారింది అనే మాటకి చోటుండదు. దానికి ఖరీదు కూడా ఉంది, ఒకరు అద్దె కట్టకపోతే మిగతావాళ్ళని అడుగుతారు. అయినా మాకిదే మేలనిపించింది. అచ్చయిన సబ్‌లెట్ లైన్ కింద ఒక్క వాక్యం చేతితో రాయించండి: "ఓనర్‌కి తెలియజేసి, రాతపూర్వక అంగీకారంతో రూమ్మేట్‌ని మార్చుకోవచ్చు." ఇద్దరూ సంతకం చేయాలి. తర్వాత ఎవరు మారినా కొత్తవారి పేరు, ఆధార్ కాపీ ఓనర్‌కి వాట్సాప్‌లో పంపి "సరే" అని జవాబు తెప్పించుకోవాలి. నోటి మాట "సరే బాబూ" గొడవ వచ్చిన రోజున ఎవరికీ గుర్తుండదు.

పేరున్నవాళ్ళు అందరూ వెళ్ళిపోతుంటే మాత్రం ఈ వాట్సాప్ సరిపోదు. పాత అగ్రిమెంట్ రద్దు చేసి ఉన్నవాళ్ళ పేర్లతో కొత్తది రాసుకోవాలి. అన్నకి ఉద్యోగం వచ్చిన సంబరంలో ఈ ఒక్క పూట పని ఆగకూడదు. అది ఆయనకీ మంచిదే, లేకపోతే బాధ్యత ఆయన మెడకే ఉంటుంది.

అడ్వాన్స్ విషయంలో, ఇరవై వేలు కట్టారనుకుందాం, తలా ఐదు వేలు. ఒకరు వెళ్ళేటప్పుడు కొత్తవాళ్ళు ఆ ఐదు వేలు నేరుగా వాళ్ళకిస్తారు, బాగానే ఉంది. కానీ ఆ ఇవ్వడం ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో జరగాలి, "రూం అడ్వాన్స్ వాటా" అని నోట్ రాయాలి. ఒక నోటుపుస్తకం రూంలోనే ఉంచి ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరికి ఎంతిచ్చారు, కరెంటు మీటర్ రీడింగ్ ఎంత, ఫ్యాన్లెన్ని, పగిలినవేంటి రాసి సంతకాలు పెట్టుకోవాలి. అద్దె కూడా ఒకరి ఖాతా నుంచే పోకుండా అప్పుడప్పుడూ అందరి ఖాతాల నుంచీ వెళ్తే, ఓనర్‌కి వీళ్ళంతా తెలుసు అనడానికి అదే సాక్ష్యం అవుతుంది.

ఇక ఓనర్ మనం ఊరెళ్ళినప్పుడు తాళం మార్చేస్తే, సామాను బయట పడేస్తే? సబ్‌లెట్ అయినా కాకపోయినా ఆ పని ఓనర్ సొంతంగా చేయకూడదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం, చట్టపద్ధతి లేకుండా బలవంతంగా ఖాళీ చేయించబడ్డ మనిషి ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి అడగొచ్చు. అక్కడ హక్కెవరిదన్నది కోర్టు చూడదు, ఎవర్ని బలవంతంగా బయటికి నెట్టారన్నదే చూస్తుంది. తాళం మార్చిన రోజునే ఫొటోలు, వీడియో తీసి పెట్టుకోండి, తారీఖు కనపడేలా. దావాకి వకీలు ఫీజు భయపెడితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగలవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, కులధ్రువీకరణ పత్రం పట్టుకెళ్తే చాలు.